కొండకు పోవడానికి సాకు అక్కర్లేదు

నేను తిరుపతిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయినదాన్ని. పిల్లల్ని పెంచడం, బడికి పోయిరావడం, శనివారాలు ఒక్కపొద్దు ఉండడం, వీలు చిక్కినప్పుడల్లా కాలినడకన కొండ ఎక్కడం, ఇట్లాగే గడిచింది నా జీవితం. మా తమ్ముడి కూతురికి ఇప్పుడు ఏడాదిన్నర పిల్లవాడు. మేం కొండకు నడిచేవాళ్ళం, అది పరుగెత్తుతుంది. రోడ్డు మీద కూడా కాదు, రాళ్ళూ చెట్ల వేళ్ళూ ఉన్న గుట్టదారుల్లో. దాన్ని ట్రయల్ రన్నింగ్ అంటారట. "అత్తా, ఇంట్లో ఒకరు వద్దంటారు, ఒకరు జాగ్రత్త అంటారు. ఎట్లా చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు" అంది మొన్న. డ్రిల్లు టీచరును అడిగితే చెప్పకుండా ఉంటుందా? దానికి చెప్పినవే, దాని ఈడు తల్లులకూ పనికొస్తాయని వరసగా రాస్తున్నాను.

1. మొక్కును అడ్డం పెట్టుకోవద్దు

మా కాలంలో ఆడది ఒక పూట ఇల్లు వదిలి కొండ ఎక్కాలంటే మొక్కు ఉండాలి. పిల్లవాడికి జ్వరం తగ్గితే ఒకటి, పరీక్ష ప్యాసయితే ఇంకొకటి. మొక్కు అనగానే అత్తగారు పిల్లల్ని పట్టుకునేది, మొగుడు అలిపిరి దాకా స్కూటరు మీద దించేవాడు, పక్కింటామె పులిహోర కట్టిచ్చేది. "నాకు నడవాలని ఉంది" అంటే మాత్రం అందరి మొహాలూ మారిపోయేవి. అందుకే మాలో కొందరికి మొక్కులు ఎప్పటికీ తీరేవి కావు. విజయవాడలో ఏటా ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు గుణదల కొండ ఎక్కే నా స్నేహితురాలు కూడా ఇదే మాట చెప్పి నవ్వేది.

దేవుడి మీద భక్తీ నిజమే, కొండ మీద ఇష్టమూ నిజమే. రెండోదాన్ని మొదటిదాని చాటున దాచుకోవాల్సి వచ్చింది మాకు. నువ్వు దాచొద్దు. "ఆదివారం పొద్దున పరుగుకు పోతున్నా" అని చెప్పు. పోనిస్తారా అని అడగొద్దు, పిల్లవాడిని ఎవరు చూసుకోవాలో మాట్లాడు. సాకు వెతకడానికి పెట్టే తెలివిని ఏర్పాటు చేసుకోవడానికి పెట్టు. నేను చెప్పేవాటిలో అసలు సంగతి ఇదే. మిగతావన్నీ దీని వెనకాల వచ్చేవే.

2. కాన్పయిన ఒంటికి గడువియ్యి

పుట్టింట్లో బాలింతను మూడు నెలలు కదలనిచ్చేవాళ్ళు కాదు. అందులో ఛాదస్తం ఉంది, కొంత మేలూ ఉంది. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ముగ్గురు కలిసి కాన్పు తర్వాత పరుగు గురించి మార్గదర్శకాలు రాశారు. పన్నెండు వారాల లోపు పరుగు వద్దన్నారు. పన్నెండు వారాలు నిండగానే షూ వేసుకొమ్మనీ చెప్పలేదు. అరగంట చురుగ్గా నడిచినా ఇబ్బంది ఉండకూడదు. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలగాలి. ఉన్నచోటే ఒక నిమిషం పరుగు తీయగలగాలి. నొప్పి, మూత్రం చుక్కలు పడటం, అడుగున ఏదో జారుతున్నట్టు బరువు, ఇవేవీ ఉండకూడదు.

తుమ్మితే తడవడం గురించి మా తరం నోరెత్తలేదు. పిల్లల్ని కన్నాక అంతేలే అనుకున్నాం. చాలామందికి ఉండేదే, కానీ ఊరుకోవాల్సింది కాదు. పొత్తికడుపు అడుగున ఉండే కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నడుముకు కట్టిన గుడ్డ ఆ పని చేయదు. ఇక ఆపరేషన్ కాన్పులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో నూటికి 42 పైన, తెలంగాణలో 60 పైన కాన్పులు కోతతోనే అయ్యాయి. పైన కుట్లు ఎండితే లోపల కూడా మానిపోయినట్టు కాదు. అట్లాంటివాళ్ళు డాక్టరమ్మను అడిగాకే అడుగు వేయాలి.

3. ఎక్కుడులో నడిస్తే పరువేం పోదు

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. దూరం తగ్గిందని సంబరపడి అటు పోయినవాళ్ళకు నిటారు అంటే ఏమిటో పది నిమిషాల్లో తెలుస్తుంది. అలిపిరిలో అయితే గాలిగోపురం దాకా ఊపిరి తీసేస్తుంది. తర్వాత చాలా దూరం ఒళ్ళు తేలిక పడుతుంది. అంతా అయిపోయిందనుకునే చోట మోకాళ్ళ మిట్ట వస్తుంది. రామానుజులవారు ఆ మిట్టను పాదాలు మోపకుండా మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెబుతారు.

ఈ దారిలో ఏళ్ళ తరబడి చూసింది ఒకటే. కింద పాదాల మండపం దగ్గర ఎగబడి పరుగెత్తినవాళ్ళు గాలిగోపురం దగ్గర కూలబడి ఉంటారు. చిన్న అడుగులతో ఎక్కిన ముసలమ్మలు వాళ్ళను దాటుకుని పోతారు. పేరున్న ట్రయల్ రన్నర్లు కూడా నిటారు ఎక్కుడు వస్తే పరుగు ఆపి, తొడల మీద చేతులు ఆనించి నడుస్తారట. వేగం కనుక్కోవడానికి గడియారం అక్కర్లేదు. "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా" అని తెంపకుండా అనగలిగితే సరైన వేగం. మధ్యలో గాలి పీల్చాల్సి వస్తే తగ్గించు.

4. దిగుడులోనే అసలు దెబ్బ

ఎక్కేటప్పుడు ఆయాసం తెలుస్తుంది కాబట్టి అందరూ భయపడతారు. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది. కానీ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ ఒంటి బరువును ఆపాలి. కండరానికి ఎక్కువ నలుగుడు ఆ పనిలోనే. దాని ఫలితం ఆ పూట కనిపించదు. మర్నాడు, ఆ మర్నాడు కనిపిస్తుంది. ఇంట్లో ఏడాదిన్నర పిల్లవాడు ఉన్నప్పుడు ఆ రెండు రోజులే ముఖ్యం. కింద కూర్చుని అన్నం పెట్టాలి, ఎత్తుకుని లేవాలి, బాత్‌రూమ్‌లో వంగి స్నానం చేయించాలి.

కాబట్టి దిగుడును కొద్దికొద్దిగా అలవాటు చేసుకో. పొట్టి అడుగులు, త్వరత్వరగా. మడమ కొట్టి ఆపొద్దు. చూపు పాదాల మీద కాకుండా నాలుగు అడుగులు ముందు ఉండాలి. ఇక తిరుమల మెట్లయితే దిగడానికి నడవనే వద్దు. 1944లోనే ఘాట్ రోడ్డు వేశారు, బస్సులున్నాయి. ఎక్కిన పుణ్యం బస్సెక్కితే పోదు.

5. మెట్లదారి మైదానం కాదు

పొద్దున పూట అలిపిరిలో మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ పోయే ఆడవాళ్ళను చూసే ఉంటావు. వంగిన నడుము ఎత్తకుండా వేల మెట్లకు చేస్తారు. అట్లాంటి దారిలో షూ వేసుకుని, గడియారం చూసుకుంటూ, పక్కకు తప్పుకోండి అని అరుస్తూ పరుగెత్తడం నాకు నచ్చదు. అన్నమయ్య చిన్నప్పుడు చెప్పులతో కొండ ఎక్కబోయి మోకాళ్ళ మిట్ట దగ్గర అలసి పడిపోతే, అలమేలుమంగమ్మ వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమే, చెప్పులు విడిచి ఎక్కు అని చెప్పి ప్రసాదం పెట్టిందని కథ. ఆ అమ్మ పిల్లవాణ్ణి కసరలేదు. ఆకలి తీర్చి దారి చెప్పింది. తల్లులు గుర్తుంచుకోవాల్సిన కథ అది.

ఆ దారిలో భక్తురాలివిగా నడువు. పరుగుకు వేరే చోటు చూసుకో. అయితే శేషాచలం అడవిలోకి నీ ఇష్టానికి పోకూడదు. 2010లో దాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పైగా అది ఎర్రచందనం అడవి. దొంగల కోసం టాస్క్‌ఫోర్సు తిరుగుతుంటుంది. అనుమతి లేకుండా లోపల కనిపిస్తే నువ్వు పరుగెత్తడానికి వచ్చావంటే ఎవరూ నమ్మరు. అటవీశాఖ అనుమతించిన దారులు, అనుమతి తీసుకుని జరిపే పరుగులు చాలు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి, పుష్య మాసంలో రామకృష్ణ తీర్థ ముక్కోటి ఉంటాయి. ఆ రోజుల్లో అడవిలో బండలు, వాగులు దాటుకుంటూ జనం తీర్థాలకు నడిచిపోతారు, దేవస్థానం వాళ్ళు నీళ్ళూ అన్నమూ ఏర్పాటు చేస్తారు. అడవి దారి రుచి తెలియాలంటే నీకు అంతకు మించిన రోజు లేదు.

6. భయపడాల్సిన చోట భయపడు

2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక చిన్నపిల్లను పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటితే పిల్లల్ని నడకదారిలోకి రానివ్వకుండా ఆంక్షలు పెట్టారు, నడిచేవాళ్ళను గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. కర్రలేమిటని కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. చిరుత చీకట్లో, సందె వేళల్లో తిరుగుతుంది, చిన్న ఆకారాన్ని చూసి వస్తుంది.

అందుకని తెల్లారక ముందు పరుగెత్తాలంటే ఊళ్ళో మైదానం. అడవి పక్కన అయితే సూర్యుడు పొడిచాక, అదీ ఒంటరిగా కాదు. చెవుల్లో పాటలు వద్దు. పిల్లవాడిని వెంట తీసుకుపోయిన రోజు వాడు నీ చెయ్యి విడిచి ముందుకు ఉరకకూడదు. ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఇంట్లో చెప్పు. వానాకాలం ఇంకొక సంగతి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, బాగు చేసి మళ్ళీ తెరిచేసరికి మరుసటి ఏడాది మే వచ్చింది. రాతి మెట్లనే తోసేసిన నీళ్ళు మనల్ని లెక్కచేస్తాయా?

7. అందరూ తిన్నాక మిగిలింది తిని పరుగెత్తకు

మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలని, ఆ తర్వాతి ఆరు నెలలు 520 అని మన భారత వైద్య పరిశోధన మండలి లెక్క. పరుగు ఖర్చు దాని మీద అదనం. ఇక రక్తం సంగతి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. మెట్లెక్కితే గుండె దడ, కళ్ళు చీకట్లు కమ్మడం ఉంటే అది బద్ధకం కాదు. ముందు హిమోగ్లోబిన్ చూపించుకో.

పొద్దున పోయే ముందు ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో. వచ్చాక రాగిసంగటి, ఆకుకూర పప్పు, ఉడికించిన శనగలు, తినేవాళ్ళయితే గుడ్డు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి పడుతుంది, అన్నం తినగానే టీ తాగితే పట్టదు. బిడ్డకు పాలిచ్చి బయలుదేరితే నీకూ బరువు ఉండదు, వాడూ కడుపు నిండి పడుకుంటాడు. మితంగా పరుగెత్తితే పాలు తగ్గవు. నీళ్ళు, తిండి తగ్గిస్తే ఒళ్ళు గుల్లవుతుంది.

ఒక్కపొద్దు గురించి కూడా చెప్పాలి. పెరటాసి శనివారాలు మన ఇళ్ళలో పట్టింపు. ఉపవాసం ఉన్న రోజు పరుగు మానెయ్యి, లేదా పాలిచ్చే ఏడాది ఉపవాసమే మానెయ్యి. స్వామి ఏమీ అనుకోడు. అనుకునేది చుట్టాలే.

8. రికార్డులు చూడు, వాటి వెనక ఉన్నవాళ్ళనూ చూడు

మా మేనకోడలు ఫోనులో ఒక ఫొటో చూపించింది. 2018లో ఆల్ప్స్ కొండల్లో మోం బ్లాం చుట్టూ జరిగే 170 కిలోమీటర్ల పరుగు. సోఫీ పవర్ అనే బ్రిటన్ ఆమె మధ్య మజిలీలో కూర్చుని మూడు నెలల బిడ్డకు పాలిస్తోంది. దెబ్బ తగిలితే మరుసటి ఏటికి చోటు మార్చుకోవచ్చట. కడుపుతో ఉంటే మాత్రం అప్పట్లో కుదరదట. చోటు పోగొట్టుకోలేక వచ్చిందామె. ఇంకొకామె జాస్మిన్ పారిస్. 2019 జనవరిలో బ్రిటన్‌లో చలికాలపు 431 కిలోమీటర్ల స్పైన్ రేసులో మగవాళ్ళందరినీ దాటి గెలిచింది, 83 గంటల 12 నిమిషాల్లో. ఇంట్లో పధ్నాలుగు నెలల కూతురు. మజిలీల్లో ఆగి పాలు పిండుకుంటూ పోయింది. 2024లో అమెరికాలో బార్క్‌లీ మారథాన్ పూర్తి చేసిన తొలి ఆడమనిషి కూడా ఆమే. అరవై గంటల గడువుకు ఇంకా 99 సెకన్లు ఉండగా వచ్చి ముగింపు గేటు ముట్టుకుంది.

"చూశావా అత్తా, ఎంత గట్టివాళ్ళో" అంది పిల్ల. చూశాను. ఆ పసివాణ్ణి ఆ మజిలీకి తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టినవాళ్ళు ఎవరో కూడా ఆలోచించాను. ఆ కూతురిని అన్ని గంటలు ఎత్తుకున్నదెవరు? కాళ్ళు తల్లివే. ఆ కాళ్ళు కదలడానికి చేతులు ఇచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వు వాళ్ళ వేగాన్ని చూసి బెంగపడకు. వాళ్ళకున్న చేతులు నీకున్నాయా అని చూసుకో, లేకపోతే సంపాదించుకో.

9. సాయం కాదు, వంతు

పిల్లవాడిని ఒక పూట చూసుకుంటే మగవాళ్ళు భార్యకు సాయం చేశామంటారు. వాడు ఆయన కొడుకు కూడా. ఆదివారం పొద్దున ఆయన వంతు అని ముందే అనుకోండి. వంతు అనుకున్నాక ఎట్లా చేయాలో మళ్ళీ మళ్ళీ చెప్పకు. చొక్కా తిరగేసి తొడిగితే తొడగనియ్యి. ఉప్మా ముద్దయితే ముద్దే తింటారు.

పరుగుకు పోతున్నందుకు జరిమానా కట్టుకునే ఆడవాళ్ళను చూస్తుంటాను. రాత్రి పదకొండింటి దాకా రెండు కూరలు, చట్నీ, మర్నాటి టిఫిను చేసిపెట్టి, తెల్లారి నాలుగున్నరకు లేచి పరుగెత్తుతారు. నిద్రలేని ఒళ్ళు రాళ్ళ మీద తడబడుతుంది. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంటే చాలు. రాత్రంతా బిడ్డ లేపితే పరుగు మాని పడుకో. మాట ఇచ్చిన వేళకు మాత్రం తిరిగిరా. నీ మాట నిలబడితే, వచ్చే ఆదివారం ఎవరూ ఎదురు చెప్పరు.

10. దేవుడి దగ్గర హాజరు పట్టీ లేదు

దీపం పెట్టకుండా గడప దాటకూడదని మా అత్తగారు. దీపం పెట్టేవేళకు బిడ్డ లేస్తే ఏం చేయాలో ఆమె చెప్పలేదు. చిన్నపిల్లల తల్లికి పూజ కుదిరినప్పుడే పూజ. పరుగులో నామం చెప్పుకో, బాగుంటుంది, ఊపిరి కూడా లయ పడుతుంది. అట్లాగని ప్రతి అడుగునూ జపంగా మార్చి లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఒక్కోరోజు ఒట్టి పరుగే ఉండనియ్యి. చెట్లు, రాళ్ళు, నీ ఊపిరి ఉంటే చాలు.

పిల్లవాడికి జ్వరం వస్తే పరుగు లేదు, పూజా లేదు, తడిగుడ్డా థర్మామీటరే. ఆ వారం పోయిందని ఏడవకు. కొండకు పోలేకపోయిన వారం కూడా నువ్వు భక్తురాలివే. పరుగెత్తలేని వారం కూడా నువ్వు పరుగెత్తే మనిషివే.

11. చివరిది నా ఈడువాళ్ళకు

అత్తలూ, అమ్మలూ, అమ్మమ్మలూ! ఈ పిల్లకు ఇన్ని పాఠాలు చెప్పాను కానీ, మనం కదలకపోతే వీటిలో సగం నడవవు. మొక్కు అన్న మాట వింటే మనం పిల్లల్ని ఎత్తుకున్నాం, పులిహోర కలిపిచ్చాం. మొక్కు లేకపోయినా అంతే చేయాలి. కోడలు షూ వేసుకుంటుంటే "ఈ వయసులో ఇవేం సోకులు" అనకండి. మనం మొక్కు చెప్పి పోయిన దారికే ఆ పిల్ల ఉన్నమాట చెప్పి పోతోంది. మోకాళ్ళు బాగున్నవాళ్ళు వెంట పోయి కింద కూర్చోండి. బాగాలేనివాళ్ళు ఇంట్లో పిల్లవాడిని ఆడించండి.

ఇంకొక్క మాట. ఆ పిల్ల గుట్ట మీద ఉండగా, వాడికి ఒళ్ళు వెచ్చగా ఉంటే ఫోను చేయండి, దెబ్బ తగిలితే చేయండి. చక్కెర డబ్బా ఎక్కడుందని మాత్రం చేయకండి. అన్ని డబ్బాలూ తెరిచి చూస్తే ఏదో ఒకదాంట్లో ఉంటుంది.